చందా సాఫ్ట్‌వేర్ వ్యాపారం: తొలి చందాదారులు ఎక్కడ దొరుకుతారు, ఎందుకు నిలుస్తారు

సాఫ్ట్‌వేర్‌ను పెట్టెలో పెట్టి ఒకసారి అమ్మే పద్ధతి క్రమంగా వెనుకబడింది. నెలకో ఏడాదికో రుసుము తీసుకుని, ఇంటర్నెట్ ద్వారా వాడుకోనిచ్చే పద్ధతి దాని స్థానాన్ని ఆక్రమించింది. ‘సాఫ్ట్‌వేర్ యాజ్ ఎ సర్వీస్’, క్లుప్తంగా ‘సాస్’ అని దీనిని వ్యవహరిస్తున్నారు. అమెరికాలో మార్క్ బెనియాఫ్ తన సహచరులతో కలిసి 1999లో స్థాపించిన సేల్స్‌ఫోర్స్ ఈ పద్ధతికి ప్రాచుర్యం కల్పించగా, భారత్‌లో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ దీనికి ప్రధాన కేంద్రాలయ్యాయి. నలుగురైదుగురు ఉద్యోగులు, ఏడాదికి సరిపడే సొమ్ము, ఎవరికీ పేరు తెలియని ఒక ఉత్పత్తి. ఈ మూడింటితో మొదలయ్యే సంస్థ తొలి చందాదారులను ఎలా సంపాదించుకుంటుంది, ఎక్కడ దెబ్బతింటుంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

‘సబ్‌స్క్రిప్షన్’ అనే మాటకు తెలుగులో కొత్త పదం వెతుక్కోనక్కరలేదు. పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘చందా’ పత్రికల పుణ్యమా అని మనకు తరతరాలుగా పరిచితమే. వారపత్రికకు ఏడాది చందా కట్టినవారు మరుసటి ఏడాది కూడా కడతారా లేదా అన్నదే ఆ పత్రిక మనుగడను నిర్ణయించేది. సాఫ్ట్‌వేర్ విషయంలోనూ అంతే. వ్యవధి మాత్రం ఏడాది నుంచి నెలకు తగ్గింది.

నెల నెలా జరిగే అమ్మకం

ఒక వస్తువును అమ్మిన దుకాణదారుకు ఆ రోజే డబ్బు ముట్టుతుంది. చందా సాఫ్ట్‌వేర్ సంస్థకు అలా కాదు. ఉత్పత్తిని తయారుచేసే ఖర్చు, ప్రచారం ఖర్చు, కొత్త చందాదారుకు వాడకం నేర్పే ఖర్చు అన్నీ ముందే అవుతాయి. రాబడి మాత్రం చుక్కచుక్కగా వస్తుంది. చందాదారు ఏ నెలలోనైనా మానేయవచ్చు గనుక, ఆ సంస్థ తన ఉత్పత్తిని ప్రతి నెలా కొత్తగా అమ్ముకుంటున్నట్లే లెక్క.

మానేసేవారి శాతాన్ని ఈ రంగంలో ‘చర్న్’ అంటారు. ఆంగ్లంలో ఆ మాటకు మజ్జిగ చిలకడం అనే అర్థమూ ఉంది; దానిని తెలుగులోకి యథాతథంగా దించితే నవ్వులపాలవుతాం. ఇక్కడ ‘విరమణ రేటు’ అందాం. చూడడానికి ఇది చిన్న సంఖ్యే. నెలకు 5 శాతం అంటే వందలో ఐదుగురు, పోతే పోయారనిపిస్తుంది. కానీ నెల నెలా మిగిలినవారిలో 5 శాతం చొప్పున వెళ్లిపోతే, ఏడాది ఆరంభంలో ఉన్న 100 మందిలో ఏడాది చివరికి 54 మందే మిగులుతారు. అదే 2 శాతమైతే 78 మంది ఉంటారు.

దీనికి మరో ముఖం ఉంది. నెలకు 20 మంది కొత్తవారిని చేర్చుకోగల సంస్థకు విరమణ రేటు 5 శాతమైతే, చందాదారుల సంఖ్య ఎన్నేళ్లు గడిచినా 400 దాటదు. ఆ సంఖ్యకు చేరువయ్యేసరికి వచ్చే 20 మందికి, పోయే 20 మందికి సరిపోతుంది. విరమణ రేటును 2 శాతానికి తగ్గిస్తే అదే ప్రచారంతో, అదే సిబ్బందితో పరిమితి 1,000కి పెరుగుతుంది. వ్యాపారం ఎదగడం లేదని ప్రచారానికి అదనంగా ఖర్చుపెట్టే సంస్థల్లో చాలావాటికి అసలు చిల్లు కుండ అడుగున ఉంటుంది.

ఖర్చు లెక్క ఇంకా కఠినం. ఉదాహరణకు, మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను నెలకు 1,000 రూపాయలకు ఇచ్చే ఒక ఊహాజనిత సంస్థను తీసుకుందాం. సర్వర్లు, సహాయ సిబ్బంది ఖర్చు ఒక్కో దుకాణానికి నెలకు 200 పోగా 800 మిగులుతుంది. ప్రకటనలు, ప్రయాణాలు, ప్రదర్శనలు అన్నీ కలిపి ఒక్కో దుకాణాన్ని చేర్చుకోవడానికి 6,000 ఖర్చయిందనుకుందాం. ఆ సొమ్ము తిరిగి రావడానికి ఏడున్నర నెలలు పడుతుంది. నెలకు 20 దుకాణాల చొప్పున చేర్చుకుంటూ పోతే, ఒక్కరూ మానేయకపోయినా, ఏడో నెల చివరికి సంస్థ చేతినుంచి 3,92,000 రూపాయలు పోయి ఉంటాయి. ఆ లోటు పూర్తిగా పూడేది పద్నాలుగో నెలలో. జీతాలు, అద్దె ఈ లెక్కలో లేవు. విశేషమేమిటంటే, నెలకు 40 దుకాణాలను చేర్చుకుంటే ఈ లోటు రెట్టింపవుతుంది. ఎదుగుదల వేగం పెరిగేకొద్దీ ఖజానా ఖాళీ అయ్యే వింత ఈ వ్యాపారంలో సహజం. చందాదారులు పెరుగుతుండగానే మూతపడిన సంస్థల కథలు చాలావరకు ఇలాంటివే.

అందువల్ల తొలిదశలో తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఎంతమంది చేరారన్నది కాదు, చేరినవారు ఉంటున్నారా అన్నది. ప్రచారానికి పెద్ద మొత్తం ఖర్చుపెట్టవలసింది దానికి జవాబు తెలిసిన తర్వాతే.

ఫ్రెష్‌డెస్క్ ఆరంభం

భారత్‌లో ఈ వ్యాపారపు తొలిదశను అర్థం చేసుకోవడానికి చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌డెస్క్ కథ బాగా ఉపకరిస్తుంది. గిరీశ్ మాతృభూతం, షాన్ కృష్ణసామి 2010లో దీనిని స్థాపించారు. వినియోగదారులు పంపే ఫిర్యాదులను, ప్రశ్నలను ఒకచోట చేర్చి, ఎవరు ఎప్పుడు సమాధానమివ్వాలో చూసుకునే సాఫ్ట్‌వేర్ అది. అదే సంస్థ తర్వాత ఫ్రెష్‌వర్క్స్‌గా పేరు మార్చుకుని, 2021 సెప్టెంబరు 22న అమెరికాలోని నాస్‌డాక్‌లో నమోదై, సుమారు 100 కోట్ల డాలర్లు సమీకరించింది. పత్రికలు ఎక్కువగా రాసింది ఆ ఘట్టం గురించే. నేర్చుకోవడానికి పనికివచ్చేది మాత్రం మొదటి ఏడాదిన్నర.

గిరీశ్ అంతకుముందు జోహో సంస్థలో సుమారు తొమ్మిదేళ్లు పనిచేశారు. ఈ కోవకు చెందిన ఉత్పత్తుల నిర్వహణ ఆయన బాధ్యతల్లో ఉండేది. అమెరికాలోని ఆస్టిన్ నుంచి చెన్నైకి తిరిగి వస్తున్నప్పుడు సామానుతో పంపిన టీవీ పగిలిపోయింది. పరిహారం కోసం ఆయన నెలల తరబడి ఫోన్లు చేశారు, లేఖలు రాశారు. ఫలితం లేకపోయింది. చివరకు, స్వదేశానికి తిరిగివచ్చే భారతీయులు సలహాలు ఇచ్చిపుచ్చుకునే ఒక ఆన్‌లైన్ వేదికలో తన అనుభవాన్ని రాయగా, వెంటనే క్షమాపణతో పాటు సొమ్మూ అందింది. ఫిర్యాదు నలుగురి కంట పడితేనే సంస్థలు కదులుతున్నాయనీ, ట్విటర్, ఫేస్‌బుక్‌లలో వచ్చే ఫిర్యాదులను కూడా ఈమెయిళ్లతో సమానంగా చూసుకునే సాఫ్ట్‌వేర్ అవసరమనీ ఆయనకు తోచింది.

అదే కాలంలో, 2010 మే నెలలో, ఈ రంగంలో అప్పటికే పేరున్న జెన్‌డెస్క్ ధరలు పెంచింది. 2007లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో మొదలై అమెరికాకు తరలిన సంస్థ అది. కొందరు చందాదారులకు పెంపు 60 శాతం నుంచి 300 శాతం దాకా పడడంతో నిరసన చెలరేగింది. సంస్థ అధిపతి మిక్కెల్ స్వేన్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, పాత చందాదారులకు పాత ధరలే వర్తిస్తాయని ప్రకటించారు. ఈ వివాదంపై సాఫ్ట్‌వేర్ వర్గాలు చదివే ‘హ్యాకర్ న్యూస్’లో చర్చ సాగింది. ఇక్కడ మరొకరికి మంచి అవకాశం ఉందన్న ఒకరి వ్యాఖ్య గిరీశ్ కంటపడింది. ఉద్యోగం మానేయడానికి అదే ప్రేరణ అయిందని తర్వాత ఆయనే తన బ్లాగులో రాశారు.

ఆ ఒక్క వ్యాఖ్యే సంస్థను పుట్టించినట్లు ఈ కథను చెప్పుకోవడం ఆనవాయితీ అయింది. ఇందులో కొంత అతిశయం ఉంది. ఆ వ్యాఖ్యను చదివినవారు చాలామంది ఉంటారు. అందులో అవకాశాన్ని గుర్తించడానికి తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న కన్ను కావలసివచ్చింది. పైగా, ఈ కథలో తక్కువగా చర్చకు వచ్చే అంశం మరొకటి ఉంది. ఫ్రెష్‌డెస్క్ కొత్త అవసరాన్ని సృష్టించలేదు. అప్పటికే జనం డబ్బు చెల్లించి వాడుతున్న ఒక సాఫ్ట్‌వేర్ రకాన్ని ఎంచుకుంది. అది ఎందుకు అవసరమో ఎవరికీ బోధించవలసిన పని లేకపోయింది. అసంతృప్తితో ఉన్నవారు ఎక్కడ ఉన్నారో, ఏ మాటలతో ఫిర్యాదు చేస్తున్నారో బహిరంగంగా కనిపిస్తూనే ఉంది. చేతిలో సొమ్ము తక్కువున్న సంస్థకు రద్దీగా ఉన్న మార్కెట్‌లోకి దిగడం పొరపాటనే అభిప్రాయం ఉంది. రద్దీలో అసంతృప్తి కూడా ఉంటే, నిర్మానుష్యమైన మార్కెట్ కంటే అదే మేలని ఈ ఉదాహరణ సూచిస్తోంది.

2011 జూన్‌లో ఉత్పత్తి విడుదలైంది. తొలి చందాదారు చెన్నై నుంచి కాదు, భారత్ నుంచీ కాదు, ఆస్ట్రేలియాలోని పెర్త్ ప్రాంతానికి చెందిన ఆట్‌వెల్ కాలేజీ. ఎవరూ విమానం ఎక్కలేదు, కరచాలనం చేయలేదు. వెబ్‌సైట్‌లో ధర కనిపిస్తుంది, వాడి చూడవచ్చు, నచ్చితే కార్డుతో చెల్లించవచ్చు. ఈ మూడూ ఉంటే చెన్నైలోని చిన్న బృందం ప్రపంచంలో ఎక్కడి చిన్న సంస్థకైనా అమ్మగలదని ఆ తొలి అమ్మకంతోనే తేలింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ బిజ్‌స్పార్క్ పోటీలో 40,000 డాలర్ల బహుమతి లభించింది. డిసెంబరులో యాక్సెల్ సంస్థ 10 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టింది.

పెట్టుబడి వచ్చిన ఆ నెలలోనే ఒక వివాదమూ వచ్చింది. జెన్‌డెస్క్ అధిపతి ట్విటర్‌లో ఫ్రెష్‌డెస్క్‌ను నకలు సరుకుగా అభివర్ణించారు. వయసులోనూ పెట్టుబడిలోనూ తనకంటే ఎంతో పెద్దదైన పోటీదారు బహిరంగంగా నిందించినప్పుడు చిన్న సంస్థలు సాధారణంగా మౌనం వహిస్తాయి, లేదా న్యాయవాదిని సంప్రదిస్తాయి. చెన్నై బృందం ‘రిపాఫ్ ఆర్ నాట్’ అనే పేరుతో ఒక వెబ్‌సైట్ తెరిచింది. ఎవరు ఏమన్నారో అక్కడ పెట్టి, నకలో కాదో పాఠకులే తేల్చుకోవచ్చని కోరింది. అంతవరకు ఫ్రెష్‌డెస్క్ పేరు విననివారు కూడా రెండు సంస్థలను పక్కపక్కన పెట్టి చూశారు. ఈ ఎత్తుగడకు పూర్వోదాహరణ లేకపోలేదు. 2000 సంవత్సరంలో, నాటి దిగ్గజం సీబెల్ సమావేశం జరుగుతున్న సభామందిరం వెలుపల సేల్స్‌ఫోర్స్ నటులను నిలబెట్టి ‘సాఫ్ట్‌వేర్ వద్దు’ అనే నినాదంతో ఉత్తుత్తి నిరసన చేయించింది. పెద్దవారి పక్కన నిలబడి ఫొటో దిగే ఈ విద్యలో ప్రమాదమూ ఉంది: చూడడానికి వచ్చినవారికి ఉత్పత్తి నాసిగా కనిపిస్తే, అపకీర్తి కూడా అంతే వేగంగా వ్యాపిస్తుంది.

వెతికేవారు, వెతకనివారు

తొలిదశలో ప్రకటనల కోసం ఎక్కువమంది చూసేది గూగుల్ వైపు. ‘హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్’ అని వెతికే వ్యక్తికి ఆ క్షణంలోనే ప్రకటన చూపించవచ్చు. అతడు క్లిక్ చేస్తేనే రుసుము. తెలిసిన అవసరానికి తెలిసిన పేరు ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. ఫ్రెష్‌డెస్క్ వంటి సంస్థలు ఇంటర్నెట్ ద్వారా దూరదేశాల చిన్న వ్యాపారాలను చేరగలగడానికి ఈ మార్గం తోడ్పడింది.

అవసరానికి పేరే లేనప్పుడు మాత్రం ఇదే మార్గం గోతిలో దించుతుంది. ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచుకునే డ్రాప్‌బాక్స్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆరంభంలో ఆ సంస్థ గూగుల్ ప్రకటనల మీద ఆధారపడగా, ఏడాదికి 99 డాలర్ల చందా కట్టే ఒక్కొక్కరిని సంపాదించడానికి 233 నుంచి 388 డాలర్లు ఖర్చవుతోందని తేలింది. అలాంటి సేవ ఉందనే జనానికి తెలియదు. తెలియనిదాన్ని ఎవరూ వెతకరు. డ్రాప్‌బాక్స్ దారి మార్చుకుంది. స్నేహితుడిని చేరిస్తే ఇద్దరికీ అదనపు నిల్వ స్థలం ఇస్తామంది. 2008 సెప్టెంబరులో లక్షగా ఉన్న వాడుకరుల సంఖ్య 2010 జనవరి నాటికి 40 లక్షలకు చేరింది. ఈ అంకెలను చూసి ప్రతి సంస్థా ‘స్నేహితుడిని చేర్చండి’ పథకం పెట్టడం తర్వాత మామూలైంది. ఫైలు ఇంకొకరితో పంచుకోవడం డ్రాప్‌బాక్స్ వాడకంలోనే భాగమన్న సంగతిని చాలామంది గమనించలేదు. మందుల దుకాణం యజమాని తన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎదురుగా ఉన్న పోటీ దుకాణానికి సిఫారసు చేయడానికి అలాంటి కారణమేదీ లేదు.

చిన్న సంస్థకు ప్రకటనల కంటే ముందు మిగిలే మార్గం మనుషులను కలవడమే. పాల్ గ్రాహం 2013లో రాసిన ఒక వ్యాసం ఈ రంగంలో విస్తృతంగా ప్రచారం పొందింది. పెద్ద ఎత్తున చేయడం సాధ్యం కాని పనులనే తొలిదశలో చేయాలన్నది దాని సారం. చెల్లింపుల సంస్థ స్ట్రైప్‌ను స్థాపించిన పాట్రిక్, జాన్ కొలిసన్ సోదరులను ఆయన ఉదహరించారు. ఎవరైనా తమ సేవను వాడి చూస్తామంటే, లింకు పంపిస్తామని వదిలేయకుండా, మీ ల్యాప్‌టాప్ ఇలా ఇవ్వండని అక్కడికక్కడే అమర్చి పెట్టేవారట.

మన పట్టణాల్లోని వ్యాపారులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. బెంగళూరుకు చెందిన టాలీ సంస్థ దేశమంతటా విస్తరించింది స్థానిక భాగస్వాముల ద్వారానే. విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక వ్యాపారి ఏ లెక్కల సాఫ్ట్‌వేర్ వాడాలో చాలా సందర్భాల్లో నిర్ణయించేది అతడు కాదు, అతడి ఆడిటర్. ‘టాలీ నేర్పబడును’ అన్న బోర్డు లేని తెలుగు పట్టణం అరుదు. సాఫ్ట్‌వేర్ తెలిసిన గుమస్తాలు సులువుగా దొరకడమే దాని బలమైన ప్రచారం. ఈ మార్కెట్‌లోకి రాదలచిన కొత్త సంస్థ ఫేస్‌బుక్ ప్రకటనకు పెట్టే మొత్తంతో పది మంది ఆడిటర్లను కలిసి, వారి కార్యాలయంలో గుమస్తాతో పాటు కూర్చుని చూస్తే ఎక్కువ తెలుసుకుంటుంది.

ధర అనే సంకేతం

తొలి ధర నిర్ణయంలో సాధారణంగా జరిగే తప్పు భయంతో తక్కువ పెట్టడం. నెలకు 99 రూపాయల ధరతో మొదలైన సంస్థ ఒక్కో చందాదారు కోసం ఫోన్ చేసి మాట్లాడే స్తోమతను కూడా కోల్పోతుంది. అలాగే, ధర ఎంత అన్నదాన్ని బట్టే అమ్మకం పద్ధతి నిర్ణయమవుతుంది: నెలకు కొన్ని వందలైతే వెబ్‌సైటే అమ్ముకోవాలి, కొన్ని వేలైతే ఫోన్లో మాట్లాడే మనిషిని పెట్టుకోవచ్చు, ఏడాదికి లక్షలైతే ప్రతినిధి నేరుగా వెళ్లాలి. వందల ధర పెట్టి ప్రతినిధిని పంపే సంస్థ తన లెక్కలు తాను చూసుకోనట్లే.

ఉచిత పథకం గురించి భిన్నాభిప్రాయాలున్నాయి. ఫ్రెష్‌డెస్క్ తర్వాతి కాలంలో ముగ్గురు సిబ్బంది వరకు ఉచితంగా వాడుకోనిచ్చింది. ఇద్దరు ముగ్గురున్న సంస్థ పెరిగినప్పుడు నాలుగో మనిషి వద్ద చందా మొదలవుతుంది. ఇక్కడ ఉచితానికి, చెల్లింపునకు మధ్య గీత చందాదారు ఎదుగుదల మీదుగా వెళ్తుంది. అలాంటి సహజమైన గీత లేనిచోట ఉచిత వాడుకరులు ఉచితంగానే ఉండిపోతారు, వారి ప్రశ్నలకు సమాధానమిచ్చే సిబ్బంది జీతం మాత్రం సంస్థ మీద పడుతుంది. ధర పెంచవలసి వచ్చినప్పుడు ఏం చేయాలో 2010 నాటి జెన్‌డెస్క్ అనుభవమే చెబుతోంది. కొత్తవారికి కొత్త ధర, పాతవారికి పాత ధర అని క్షమాపణ తర్వాత చెప్పినదాన్ని ముందే చెప్పి ఉంటే పోటీదారుకు అంత సులువుగా చోటు దొరికేది కాదు.

భారత్‌లో వసూలు సమస్య

విదేశీ పుస్తకాలు చదివి వ్యాపారం మొదలుపెట్టేవారు తరచు విస్మరించే విషయం వసూలు. అమెరికాలో చందాదారు ఒకసారి కార్డు వివరాలిస్తే నెల నెలా సొమ్ము దానంతట అదే జమ అవుతుంది. భారత్‌లో రిజర్వు బ్యాంకు ఈ తరహా ఆటోమేటిక్ చెల్లింపులకు తెచ్చిన నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. మొదటిసారి అనుమతి నమోదు చేసేటప్పుడు అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. ప్రతిసారీ సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం పంపాలి. నిర్ణీత పరిమితి దాటితే ప్రతి చెల్లింపునకూ మళ్లీ ధ్రువీకరణ కావాలి. మొదట 5,000 రూపాయలున్న ఆ పరిమితిని 2022 జూన్‌లో 15,000కు పెంచారు.

వినియోగదారుల రక్షణ దృష్ట్యా ఈ నిబంధనలు సమంజసమైనవే. అయితే అమల్లోకి వచ్చిన కొత్తలో అనేక చందాలు చెల్లింపు విఫలమై ఆగిపోయాయి. మానేయాలన్న ఉద్దేశం చందాదారుకు లేకపోయినా సంస్థ లెక్కల్లో అతడు మానేసినవాడే. ఈ రకం విరమణను విడిగా లెక్కించకపోతే, ఉత్పత్తిలో లోపం లేకపోయినా ఉన్నట్లు సంస్థ భ్రమపడుతుంది. జాతీయ చెల్లింపుల సంస్థ 2020 జులైలో ప్రవేశపెట్టిన యూపీఐ ఆటోపే, కార్డు లేని చిన్న వ్యాపారుల నుంచి వసూలుకు మార్గం చూపింది. ఇక కాస్త పెద్ద వ్యాపారులు ఏడాది మొత్తాన్ని ఒకేసారి బ్యాంకు ద్వారా చెల్లించి, జీఎస్టీ బిల్లు అడగడం పరిపాటి. సాఫ్ట్‌వేర్ సేవలపై 18 శాతం జీఎస్టీ ఉన్నప్పటికీ, నమోదైన వ్యాపారి దానిని తన పన్నులో సర్దుబాటు చేసుకోగలడు. బిల్లులో అతడి జీఎస్టీ సంఖ్య తప్పుగా పడితే చందా పొడిగింపు ప్రమాదంలో పడుతుంది. ఏడాది చందాకు రెండు నెలల రాయితీ ఇచ్చినా సంస్థకు లాభమే: పైన చెప్పిన మందుల దుకాణం ఉదాహరణలో 10,000 రూపాయలు ముందే వస్తే, 6,000 ఖర్చు మొదటి రోజే తిరిగి వచ్చినట్లవుతుంది.

ఒకే నగరం, రెండు మార్గాలు

హైదరాబాద్‌లో పుట్టిన రెండు సంస్థలను పక్కపక్కన చూస్తే, ఒకే రకం ఉత్పత్తిని రెండు విధాలుగా అమ్మవచ్చని తెలుస్తుంది. డార్విన్‌బాక్స్, కేకా రెండూ ఉద్యోగుల హాజరు, సెలవులు, జీతాల వంటి వ్యవహారాలు చూసే సాఫ్ట్‌వేర్‌నే తయారుచేస్తాయి. 2015లో మొదలైన డార్విన్‌బాక్స్ పెద్ద కంపెనీల వైపు వెళ్లింది. అలాంటి ఒప్పందాలు కుదరడానికి నెలలు పడుతుంది. భద్రతా పరీక్షలు, పలువురు అధికారుల ఆమోదం కావాలి. కుదిరాక సులువుగా తెగవు. ఆ నిరీక్షణకు పెట్టుబడి అవసరం. పెట్టుబడులు సేకరిస్తూ వెళ్లిన ఆ సంస్థ విలువ 2022 జనవరిలో 100 కోట్ల డాలర్లు దాటింది. కేకా చిన్న, మధ్యతరహా సంస్థలను ఎంచుకుంది. సొంత రాబడితోనే కొన్నేళ్లు నడిచి, 2022 నవంబరులో వెస్ట్‌బ్రిడ్జ్ నుంచి 5.7 కోట్ల డాలర్లు తీసుకుంది. మరో హైదరాబాదీ సంస్థ జెనోటి 2010లో మొదలై సెలూన్లు, స్పాల గొలుసు సంస్థలనే లక్ష్యంగా చేసుకుని అదే స్థాయికి ఎదిగింది.

పెట్టుబడి లేకుండా ఎంత దూరం వెళ్లవచ్చన్న ప్రశ్నకు గిరీశ్ పూర్వపు యాజమాన్యమే జవాబు. శ్రీధర్ వెంబు తదితరులు 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో స్థాపించిన జోహో, బయటి వెంచర్ పెట్టుబడి తీసుకోకుండానే ప్రపంచవ్యాప్త సంస్థ అయింది. నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ అమ్మి సంపాదించిన సొమ్ముతో 2005లో ఆన్‌లైన్ ఉత్పత్తులు ప్రారంభించింది. ఒక రాబడి మరో ప్రయోగాన్ని పోషించిందన్నమాట. ఆ రాబడి లేనివారు జోహోను ఆదర్శంగా చెప్పుకునే ముందు ఈ క్రమాన్ని గమనించాలి.

వెళ్లేవారిని వెళ్లనివ్వడం

విరమణ రేటు తగ్గించుకోవడానికి కొన్ని సంస్థలు అడ్డదారి తొక్కుతాయి. చేరడానికి ఒక్క బటన్ చాలు. మానేయడానికి ఈమెయిల్ రాయాలి, ఫోన్ చేయాలి, ‘నిజంగానే వెళ్తారా’ అన్న నాలుగు ప్రశ్నలు దాటాలి. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాలు 13 రకాల మోసపూరిత రూపకల్పనలను నిషేధించాయి. ‘చందా ఉచ్చు’ వాటిలో ఒకటి. రద్దును అసాధ్యంగా లేదా క్లిష్టంగా మార్చడం, రద్దు చేసుకునే వీలును దాచిపెట్టడం, ఉచిత చందాకు సైతం చెల్లింపు వివరాలు ఇచ్చి తీరాలనడం, రద్దుకు సంబంధించిన సూచనలను గందరగోళంగా రాయడం దీని కిందకు వస్తాయి.

చట్టం సంగతి అటుంచినా, ఇందులో సంస్థకే నష్టం. ఏ నెలలో చేరినవారిని ఆ నెల వరుసలో రాసుకుని, తర్వాతి నెలల్లో వారిలో ఎందరు మిగిలారో పట్టిక వేసుకోవడం ఈ వ్యాపారంలో ప్రాథమికమైన పని. జనవరిలో చేరిన 20 మందిలో జులై నాటికి 11 మందే ఉండి, ఏప్రిల్‌లో చేరిన 20 మందిలో మూడు నెలలకే ఆ స్థితి వస్తే, మధ్యలో ఏదో చెడిందని అర్థం: కొత్త ప్రకటన తప్పుడువారిని తెస్తుండవచ్చు, లేదా వాడకం నేర్పే మనిషి మానేసి ఉండవచ్చు. వెళ్లేవారిని బలవంతంగా ఆపితే ఈ పట్టిక అబద్ధం చెబుతుంది. రద్దు బటన్ నొక్కినవారికి కారణం అడిగే ఒక్క పెట్టె చూపించి, దానిని ఖాళీగా వదిలేసినా రద్దు పూర్తయ్యేలా ఉంచి, రాసినవారికి స్థాపకులే మరునాడు ఫోన్ చేస్తే, ఎంత ఖర్చుపెట్టినా ఏ ప్రకటనా చెప్పని సమాచారం దొరుకుతుంది. చందాదారులు 100 లోపు ఉన్నంతకాలం ఆ ఫోన్లు నెలకు నాలుగైదుకు మించవు.